చ్యెన్ చ్యెన్‌యీ జీవితం రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పదిహేడో శతాబ్దపు చైనా కవి, పుస్తక సేకర్త చ్యెన్ చ్యెన్‌యీ జీవితాన్ని తెలుగులో రాస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చైనీస్ మూలాలు చదివి రాయగలిగే పిల్ల మన ఇంట్లో పుట్టిందని పొంగిపోయాను. ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు: పుస్తకం అచ్చయ్యేదాకా నీ నోట్సు ఎవరికీ చూపించవట. అప్పటినుంచి మనసు కుదుట పడలేదు.

తేదీలు సరిచూసుకో, పేర్లు ఒకే తీరుగా రాయి. ఆయన దస్తూరీ చూసే అవకాశం దొరికితే తీరిగ్గా చూడు. ఆయన భార్య లియూ రుషి కవయిత్రి, చిత్రకారిణి; ఆమెను భార్యగా మాత్రమే చూపించి వదిలేయకు. 1645లో నాన్‌జింగ్‌లో ఆయన చైనాను ఆక్రమిస్తున్న మంచూలకు లొంగిపోయాడు. ఆ ఘట్టంలో తీర్పు చెప్పే తొందర వద్దు.

తొందరపడవలసింది 1650 దగ్గర. ఆయన సొంత ఊరు చాంగ్‌షులో, పుస్తకాలు దాచుకున్న జియాంగ్‌యున్ మేడ మీద ఆయన చిన్న కూతురు, దాది ఉన్నారు. కొవ్వొత్తి వత్తి రాలి కాగితాల కుప్ప మీద పడింది. కింద ఉన్న ఆయన ఉలిక్కిపడి లేచేసరికే మంటలు మేడను కమ్మేశాయి. ఇదంతా రాసిపెట్టినవాడు త్సావ్ రోంగ్ అనే పుస్తకప్రియుడు. అంతకుముందు బీజింగ్‌లో అతను రెండు అరుదైన చరిత్ర గ్రంథాల గురించి అడిగితే, ఉన్నాయి, ఊరికి వెళ్లాక ఇస్తానన్నాడు చ్యెన్. తర్వాత అడిగితే అసలు లేవన్నాడు. మేడ కాలిపోయాక పరామర్శకు వెళ్లిన ఆ త్సావ్‌తోనే, ఉన్నాయనీ, అరువిస్తే చేతులు మారి పోతాయన్న భయంతో దాచాననీ ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. అదే మనిషి 1643లో అంతకు కొన్ని వందల ఏళ్ల కిందట, సాంగ్ వంశపు కాలంలో అచ్చయిన హాన్ చరిత్ర ప్రతిని అమ్ముకుని ఎంతో కుమిలిపోయాడు. చేయి దాటిన ఆ ప్రతి ఈ మేడ మంటలకు చిక్కలేదు!

త్సావ్ ఆ బాధతోనే ఒక ఒడంబడిక రాశాడు. పుస్తకాలున్నవాళ్లు జాబితాలు మార్చుకోవాలి, తమ దగ్గరున్నదానికి తామే నకలు రాయించి, సరిచూసి ఎదుటివారికి ఇవ్వాలి, మూలప్రతి మాత్రం గడప దాటకూడదు. పుస్తకం పరహస్తం గతం గతః అని మీ తాతగారు బీరువాకు తాళం వేసేవారు. ఈ పద్ధతి తెలిసి ఉంటే ఆయన కూడా తాళం తీసేవారేమో. ఎనిమిదేళ్ల వయసులో ఆ తాళంచెవి వెతికి తెచ్చి, పద్యాలు నీ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నది నువ్వే కదా తల్లీ! ఆ పిల్ల ఇప్పుడు నోట్సు దాచడం ఏమిటి? 1769లో చియెన్‌లాంగ్ చక్రవర్తి చ్యెన్ రచనలను నిషేధించాడు. అప్పటికి ఆయన పోయి వందేళ్లు దాటింది. ఇతరుల ఇళ్లలో ప్రతులు మిగలకపోతే నువ్వు ఈరోజు ఏం చదివేదానివి?

నోట్సు మూడు ప్రతులు తీయించు. ఒకటి నీ దగ్గర, ఒకటి మీ గురువుగారి దగ్గర, ఒకటి నా దగ్గర ఉండాలి. కరెంటు పోతే కాగితాల మధ్య కొవ్వొత్తి వెలిగించకు, టార్చిలైటు కొనుక్కో. మొదటి అధ్యాయం ఎంత చిత్తుగా ఉన్నా ఈ నెలలోనే పంపు.

మీ పెదనాన్న