ఏటి ఒడ్డున ప్లాంటు చూసుకోబోయే అమ్మణ్ణికి

తిరుపతి

అమ్మణ్ణీ,

స్వర్ణముఖి ఒడ్డున మురుగునీటి శుద్ధి ప్లాంటులో నీకు పని దొరికిందని మీ నాయన చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ముప్పై ఏండ్లు ఆ పనే చేసినోణ్ణి కదా.

చేరిన రోజు ఆఫీసుకు ముందు ఏట్లోకి దిగు. మీ పైపు ఏట్లో పడే చోట నిలబడి చూడు. మనది గోదావరి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలు పోతే మిగిలేది ఇసకే. మురుగును పలచన చేయడానికి ఏటికి సొంత నీళ్ళుండవు. ఎండాకాలంలో నువ్వు వదిలిందే ఏరు. అదే ఇసకలో ఇంకి, దిగువ రైతుల బోర్లకు చేరుతుంది. 2017 కేంద్ర నిబంధన మనలాంటి ఊళ్ళకు బీఓడీ (నీళ్ళలోని మురుగును తినే సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంది. నువ్వు మాత్రం 10 లోపే పెట్టుకో. నత్రజని, భాస్వరం కూడా దించాల్సిందే.

ఊరు చిన్నదే కదా అనుకోకు. మనిషికి 135 లీటర్లు ఇస్తే నూటికి 80 వంతులు మురుగై వస్తాయి. పదివేల మందికే రోజుకు పది లక్షల లీటర్లు దాటుతుంది.

ఇక అసలు పని. రోజూ పొద్దున ఒకే టైముకు ఏరేషన్ ట్యాంకు (మురుగులోకి గాలి ఊదే తొట్టి) నీళ్ళు లీటరు కొలజాడీ నిండా పట్టి, నీడలో పెట్టి, అరగంట అక్కడే కూర్చో. మొదటి అయిదు నిమిషాలు కళ్ళు తిప్పొద్దు. మంచి స్లడ్జ్, అంటే మురుగును తినే సూక్ష్మజీవుల బురద, గోధుమరంగులో, విరిగిన పాలలా ముద్దకట్టి మెల్లగా దిగుతుంది, పైన నీళ్ళు తేటపడతాయి. తడిమట్టి వాసనొస్తుంది. అరగంటకు 300 గీత దగ్గర ఆగి, లీటరులో ఆ బురద ఎండు బరువు (ఎంఎల్‌ఎస్‌ఎస్) 3000 మిల్లీగ్రాములుంటే, గ్రాము బురద ఎన్ని మిల్లీలీటర్ల చోటు పడుతుందో చెప్పే ఎస్‌వీఐ 100. దిగులు లేదు. 150 దాటిందంటే దారప్పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరుగుతున్నట్టు. అరగంట కాగానే పారబోయకు, ఇంకో గంటన్నర ఉంచు. దిగిన స్లడ్జ్ బుడగలతో మళ్ళీ పైకి తేలిందంటే, స్లడ్జ్ దిగడానికి ఉన్న నీ క్లారిఫయర్‌లో అది ఎక్కువసేపు నిలిచిపోతోంది. దాన్ని మళ్ళీ ఏరేషన్ ట్యాంకుకు పంపే రిటర్న్ పంపు పెంచు.

ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లను ఆపమంటే ఎవరి మాటా వినకు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటు కావాలంటే నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. ఒక ఎండాకాలం కరెంటు బిల్లు తగ్గించమని పైనుంచి మాటొస్తే, నేను రాత్రుళ్ళు బ్లోయర్లు ఆపించాను. లాగ్‌బుక్కులో డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) 2 అని నా చేత్తోనే రాశాను. వారం తిరక్కుండానే ఒక రైతు ఎనుములు తాగే మడుగులో బిందె ముంచి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆ బిందె అంచుకు పట్టిన నల్లటి జిడ్డు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఏ అంకె వస్తే అదే రాయి, అమ్మణ్ణీ. చెడ్డ అంకెను సరిచేయొచ్చు. దొంగ అంకె రాస్తే ఎక్కడ చెడిందో రేపు నీకే తెలియదు.

వానాకాలం వేరే కథ. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లు కావడం చూశావు కదా. అంత వాన భూగర్భ డ్రైనేజీలోకి చొరబడితే ట్యాంకులో స్లడ్జ్ కొట్టుకుపోతుంది, మళ్ళీ పెంచుకోవడానికి వారాలు పడుతుంది. ఉధృతి మీదున్న ఆ గంటా రెండు గంటలు మాత్రం బ్లోయర్ ఆపి స్లడ్జ్‌ను అడుక్కు దిగనియ్యి.

సంపులోకి, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించొద్దు. రక్షణ సామగ్రి లేకుండా దించడాన్ని, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం కూడా ఒప్పుకోదు. కుళ్ళుగుడ్ల వాసన కొట్టే ఆ గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన ఆగిపోయిందంటే గాలి బాగుపడినట్టు కాదు. ఎంత పెద్దోళ్ళు గట్టిగా చెప్పినా దించనని చెప్పు. ఉద్యోగం పోతే పోనీ, పెదనాయన ఇంట్లో అన్నానికి కొదవలేదు.

మీ నాయన చేతికి నా కొలజాడీ ఇచ్చి పంపుతున్నా. మూతి కొంచెం పగిలింది గానీ గీతలు బాగానే ఉన్నాయి. మొదటి నెల రోజూ అరగంటకు ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. చూసి చెప్తా.

మీ పెదనాయన