అంబాసిడర్ మోడల్‌కి విడిభాగాలు ఇంట్లోనే చేసుకోవచ్చా? నా అనుభవం ఇదీ

మీరు అడిగింది ఇది: శ్రీకాకుళంలో ఉంటారు, 1/24 స్కేల్లో, అంటే అసలు కారులో 24వ వంతు సైజులో, అంబాసిడర్ బొమ్మ చేస్తున్నారు. బాడీ చేతికొచ్చింది కానీ డ్యాష్‌బోర్డు, స్టీరింగు, సీట్లు, సైలెన్సర్ గొట్టం ఎక్కడా దొరకట్లేదు. బయటి నుంచి తెప్పించుకుందామంటే ఖరీదు. ఇంట్లో ఉన్న వస్తువులతో అవుతుందా? బండి పైన ఎర్రలైటు ఎలా పెట్టాలి?

అవుతుంది. నేను విజయనగరంలో ఉంటాను, ఆరేళ్లుగా నాకూ ఇదే పిచ్చి. మా పెద్ద మావయ్య ఆఫీసు అంబాసిడర్ నడిపేవాడు, ఆ బండినే చెయ్యాలని మొదలుపెట్టాను. మూడుసార్లు చెడగొట్టాక నాలుగోది కాస్త బండిలా వచ్చింది.

ముందు మీ బాడీ నిజంగా 1/24 ఏనా అని చూసుకోండి. డబ్బా మీద రాసిన స్కేలుని నేను నమ్మను. అసలు అంబాసిడర్‌కి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 2464 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 102.7. మొత్తం పొడవు 4325, అంటే మోడల్లో 180. ఈ రెండూ దాదాపుగా సరిపోతే సరే. లేకపోతే మీ బొమ్మ కొలతతో అసలు కొలతని భాగించి మీ స్కేలు ఎంతో తేల్చుకోండి, తర్వాతి లెక్కలన్నీ దానితోనే కట్టుకోండి. 1/24 లో ఒక సుఖం ఉంది. అడుగంటే అర అంగుళం. పాత మెకానిక్కులు అడుగుల్లో, అంగుళాల్లో చెప్పే కొలతలు నోటిలెక్కతోనే మారిపోతాయి.

ఇక అసలు సంగతి. నా మొదటి డ్యాష్‌బోర్డు పాత ఏటీఎం కార్డు ముక్కలతో చేశాను. పొడవు, ఎత్తు అన్నీ స్కేలు పెట్టి కొలిచి కోశాను. రంగు వేసి లోపల బిగించి చూస్తే ఏదో తేడా. ఏమిటో తెలియదు, కానీ చూడగానే బొమ్మ అని తెలిసిపోతోంది. రెండు రోజుల తర్వాత వెలిగింది. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. దాన్ని 24తో గుణించండి, 18 మి.మీ. దాటుతుంది. వడ్రంగులు మంచాలకి వాడే ప్లైవుడ్డు అంత! రేకు ఉండాల్సిన చోట నేను ప్లైవుడ్డు పెట్టాను.

అప్పటి నుంచి ఏ వస్తువు దొరికినా ముందు కాలిపర్‌తో మందం కొలిచి 24తో గుణిస్తాను. ప్లాస్టిక్ కాలిపర్ చవకది చాలు, ఈ పనికి మీరు కొనాల్సిన మొదటి వస్తువు అదే. సీడీ డబ్బా మూత 1.2 వచ్చింది, అంటే 29 మి.మీ., గోడలా ఉంటుంది. మామూలు ఏ4 కాగితం 0.1, అంటే 2.4. రేకు పనులన్నిటికీ నేను ఇప్పుడు కాగితమే వాడతాను. ఫెవిక్విక్ పట్టిస్తే కాగితం గట్టిపడి ప్లాస్టిక్‌లా అవుతుంది, వాటర్ పేపర్‌తో (సన్నటి గరుకు కాగితం) రుద్దుకోవచ్చు కూడా. సన్‌వైజర్లు, మడ్‌ఫ్లాపులు, నంబర్ ప్లేటు అన్నీ ఇలాగే చేశాను. స్టేషనరీ షాపులో సన్‌బోర్డు (నురుగు అట్ట) ఇస్తామంటారు, తీసుకోకండి. మూడు మిల్లీమీటర్ల బోర్డంటే ఈ స్కేల్లో 7 సెంటీమీటర్ల దిమ్మ.

మరి అన్నీ అంత పల్చగా చేస్తే చేతిలో విరిగిపోవా? విరుగుతాయి. కిటుకు ఏమిటంటే, మందం కంటికి కనబడేది అంచు దగ్గరే. డ్యాష్‌బోర్డు మధ్యలో ఎంత మందం ఉన్నా ఎవరికీ తెలియదు. కాబట్టి 0.5 మి.మీ. స్టైరీన్ షీటుతో (మోడళ్లకి వాడే ప్లాస్టిక్ షీటు) గట్టిగా చేసుకుని, అంచుని మాత్రం వెనక వైపు నుంచి ఏటవాలుగా రుద్దండి. ముందు నుంచి చూస్తే గీతలా సన్నగా కనబడాలి. చక్రాల మీది బాడీ అంచులకి కూడా ఇదే పని చెయ్యండి, లోపలి వైపు నుంచి. ఆ ఒక్క పనితోనే బొమ్మ బాడీ సగం మారిపోతుంది. స్టైరీన్ షీటు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోక తప్పదు. ఎవర్‌గ్రీన్ వాళ్లవి 0.25, 0.5, 1 మి.మీ. మందాల్లో వస్తాయి. కట్టర్‌తో ఒకేసారి నొక్కి కొయ్యకండి. తేలిగ్గా రెండు మూడు గీతలు గీసి వంచితే టక్కున విరుగుతుంది.

సీట్ల దగ్గర నాకు పెద్ద పరువునష్టం జరిగింది. ఆఫీసర్ బండి కదా, వెనక సీటు మీద తెల్ల తువ్వాలు ఉండాలి. అది లేకపోతే అది టాక్సీ. పాత తువ్వాలు అంచు కోసి పరిచాను. మావయ్యకి చూపిస్తే కళ్లజోడు పైకి జరిపి చూసి, "ఏట్రా ఇది? తువ్వాలా, బొంతా?" అన్నాడు. సరే, ఇంకా సన్నటి గుడ్డ కావాలి. మీ జిల్లా పొందూరు ఖద్దరు గుర్తొచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, వందో నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం) వడికే ఊరు, అంతకన్నా సన్నటి నేత ఎక్కడ దొరుకుతుంది? మావయ్య దగ్గరే పాత పంచె ముక్క అడిగి తెచ్చాను. పరిచి చూస్తే గోనెపట్టలా ఉంది. జూట్ మిల్లుల జిల్లావాణ్ణి, గోనె ఎలా ఉంటుందో నాకు తెలుసు. లెక్క కట్టాను. వందో నంబరు దారం సుమారు 0.09 మి.మీ. 24తో గుణిస్తే రెండు మిల్లీమీటర్లు దాటింది. చేతి గుడ్డల్లో అంత మంచిదే ఓడిపోయిందంటే ఇక ఏ గుడ్డా పనికిరాదని తేలిపోయింది.

చివరికి పనికొచ్చింది టిష్యూ పేపరు. రెండు పొరలు ఉంటాయి, ఒక పొరే విడదీయండి. తువ్వాలు కొలతకి కోసి, సీటు మీద పరిచి, నీళ్లలో కలిపిన ఫెవికాల్‌ని బ్రష్షుతో చుక్కలు చుక్కలుగా వదలండి. కాగితం తడిసి సీటు వంపుల్లోకి దానంతటదే ఒదుగుతుంది. ఆ తడి మీదే సూదితో రెండు ముడతలు పెట్టి, చిటికెడు టాల్కం పౌడరు పైనుంచి రాల్చండి. ఆరాక ఊదేస్తే తువ్వాలు నూగు మిగులుతుంది. ఇది చూసి మావయ్య ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే పాసైనట్టే.

స్టీరింగు సులువు. అసలు బండి దొరికితే టేపుతో కొలవండి. అడ్డకొలత 42 సెంటీమీటర్లు వస్తే మోడల్లో 17.5 మి.మీ. చక్రం మందం సుమారు ఒక మిల్లీమీటరు రావాలి, అంటే ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే సోల్డరింగ్ తీగ సరిగ్గా సరిపోతుంది. కాస్త సన్నటి మార్కర్ పెన్ను చుట్టూ చుట్టి, ఒక్క చోట కోసి, రెండు కొనలూ కలిపి ఫెవిక్విక్ చుక్క పెట్టడమే. గేరు కడ్డీకి, వైపర్లకి కరెంటు వైరులోని రాగి పోగు వాడండి. ఇళ్లలో వాడే 1 స్క్వేర్ ఎం.ఎం. వైరులో మామూలుగా 0.3 మి.మీ. పోగులు 14 ఉంటాయి. 0.3 అంటే అసలులో 7 మి.మీ., కడ్డీకి అచ్చుగుద్దినట్టు ఉంటుంది.

సైలెన్సర్ గొట్టానికి చాలామంది పెన్ను రీఫిల్ పెడతారు. రీఫిల్ 3 మి.మీ. అంటే 72, లారీ గొట్టం అది. మెడికల్ షాపులో 16 గేజీ సూది అడగండి. బయటి కొలత 1.65 మి.మీ., అంటే దాదాపు 40. పైగా లోపల బోలు, అంచు పల్చన, కాబట్టి చివర తొలవాల్సిన పని లేదు. కొత్త సూదే కొనండి, మొన భాగం కోసి మూత పెట్టి పారెయ్యండి. మా వీధి షాపతను మాత్రం నేను "కారుకి" అంటే చాలాసేపు అనుమానంగా చూశాడు.

అద్దానికి నీళ్ల బాటిల్ చాలు. కర్రతో అద్దం వంపు అచ్చు చెక్కి, బాటిల్ లోపల దూర్చి, పైనుంచి వేడి గాలి కొడితే ప్లాస్టిక్ ముడుచుకుని అచ్చుకి అతుక్కుంటుంది. మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గర హాట్ ఎయిర్ గన్ ఉంటుంది, రెండు నిమిషాల పని. నేను వాడిన బాటిల్ 0.25 వచ్చింది, 24తో గుణిస్తే 6 మి.మీ. అద్దం మందం అంతే ఉంటుంది కదా. కానీ దాన్ని ఫెవిక్విక్‌తో అతికించకండి. నేను రాత్రి అతికించి పడుకున్నాను, తెల్లారేసరికి అద్దమంతా తెల్లటి ఆవిరి పట్టి మంచులో బండిలా ఉంది, ఎంత తుడిచినా పోలేదు. అద్దాలకి ఫెవికాలే.

క్రోమ్ పట్టీలకి మాత్రం సొంత ప్రయోగాలు మానేశాను. బేర్-మెటల్ ఫాయిల్ అని పల్చటి లోహపు రేకు వెనక బంకతో వస్తుంది, అది కొనేస్తాను. రంగు గురించి ఒక్క మాట. రంగుకీ మందం ఉంటుంది. మూడు పూతలు వేస్తే తలుపు గీతలు పూడిపోతాయి, అందుకే రంగుకి ముందే బ్లేడు వీపుతో గీతల్ని ఇంకాస్త లోతు చేసుకోండి.

బండి పైన ఎర్రలైటు సంగతి కూడా అడిగారు. నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది అప్పట్లో. మెరిసే ఎర్ర క్యాప్సూల్ డొప్ప, సగం తీసి పెడితే సరిగ్గా బుగ్గలైటే. రెండో సైజు క్యాప్సూల్ 6.35 మి.మీ., అంటే 15 సెంటీమీటర్లు, కొలత కూడా కుదిరింది. వారం రోజులు అందరికీ చూపించాను. జూలై వానలకి జెలటిన్ తేమ పీల్చి మెత్తబడి, ఒక పక్కకి ఒరిగిపోయింది. కింద ఫెవికాల్ మరకతో పాటు పీకేశాను. ప్రభుత్వ బండ్ల మీద ఎర్రలైట్లు 2017 మే 1 నుంచి తీసేశారు కదా. మావయ్య లైటేదిరా అని అడిగితే, ఇది ఆ తర్వాతి రోజుల బండి అని చెప్పేశాను.