శ్రీలంకలో తగిలిన గాయం, వెనక్కి వచ్చిన పింఛన్ దరఖాస్తు (కనిగిరి నుంచి అడిగినవారికి)

శ్రీలంకలో సైనికుడిగా ఉన్నప్పుడు మీ నాన్నగారి మోకాల్లో లోహపు ముక్క దిగిందని, దాని మీద పెట్టిన వైకల్య పింఛన్ దరఖాస్తు వెనక్కి వచ్చిందని అడిగారు. దాన్ని తిప్పి పంపింది గాయం చిన్నదని కాదు, ఆ ముక్క దిగింది శ్రీలంకలోనే అని చూపే కాగితం లేక అయ్యుంటుంది. 1987లో అక్కడికి వెళ్లిన మన సైన్యపు శాంతి సేన 1990 మార్చికల్లా వెనక్కి వచ్చేసింది, ఆ తర్వాత మామూలుగా సర్వీసు చేసి రిటైరైనవాళ్ల దగ్గర చాలాసార్లు డిశ్చార్జి బుక్ (సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే పుస్తకం) తప్ప ఏమీ ఉండదు.

1. ఒంగోలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉత్తరం రాయించుకోండి. పని అక్కడితో అయిపోదు.

2. అందరూ వదిలేసేది ఇదే. ఆయన రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు (ఆ రెజిమెంట్ సైనికుల సర్వీసు కాగితాలు ఉండే చోటు) నాన్నగారి సంతకంతోనే రాయాలి. ఆర్మీ నంబరు, అప్పటి యూనిట్, గాయపడిన నెల, చేర్చిన మిలిటరీ ఆసుపత్రి రాసి, గాయం రిపోర్టు, పార్ట్ టూ ఆర్డర్ (సైనికుడికి జరిగినవాటిని యూనిట్ నమోదు చేసే ఉత్తర్వు), రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు నుంచి పంపేటప్పుడు చేసే వైద్య పరీక్ష) కాపీలు అని పేరుపేరునా అడగండి. ఊరికే 'మెడికల్ పేపర్లు' అంటే ఏదో ఒకటి పంపి చేతులు దులుపుకుంటారు. జవాబు రాకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో సమాచార హక్కు దరఖాస్తు, రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు మాత్రం పారేయకండి.

3. అవి చేతికొచ్చాక, దరఖాస్తు తిప్పి పంపినదానిపై అప్పీలు. వట్టి వైకల్య పింఛన్ అనకుండా యుద్ధ గాయం పింఛన్ అని అడగండి, ఎక్కువ వచ్చేది అదే. అప్పీలూ కాదంటే సైనికుల కేసులు చూసే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లండి.

నొప్పికి ఇదంతా తేలేదాకా ఆగొద్దు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే ఇప్పుడే చూపించేయండి.