అద్దె కేక్ సంగతి: ఒడిశా బరంపురం నుంచి దొడ్డమ్మ ఉత్తరం

చిరంజీవి చిట్టికి దొడ్డమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. ఫోన్‌లో చెప్తే సగం చెవికెక్కదు నీకు, అందుకని కూర్చుని రాస్తున్నాను. రాయగడ పెళ్లివాళ్లు రిసెప్షన్‌కి అయిదంతస్తుల కేక్ కావాలంటున్నారు, మొత్తం అసలుదే చెయ్యనా, చూపుకి మాత్రమే నిలబెట్టే డమ్మీ సెట్ చేయించుకుని అద్దెకివ్వనా అని కదా అడిగావు. డమ్మీయే చేయించుకో. కానీ అది డమ్మీ అన్న సంగతి దాచకు. ఇరవై రెండేళ్ల ఈ కేకుల పనిలో నేను తిన్న చీవాట్లన్నీ ఆ రెండో మాట మర్చిపోయిన రోజుల్లో తిన్నవే.

లెక్క చూడు. 6, 8, 10, 12, 14 అంగుళాల కేకులు ఒకదాని మీద ఒకటి నిలబెడితే సుమారు పదహారు కిలోలు. కిలోకి పదకొండో పన్నెండో ముక్కలు, అదీ చెయ్యి తిరిగినవాళ్లు కోస్తే. అంటే 190 మందికి అటూ ఇటూ. రిసెప్షన్‌కి వచ్చేది ఆరు వందల మంది. అంత కష్టపడి అసలు కేక్ నిలబెట్టినా నాలుగు వందల మందికి అందదన్నమాట. పైగా అవతల భోజనాల్లో గులాబ్‌జామూ ఐస్‌క్రీమూ ఉండనే ఉంటాయి. తొమ్మిదిన్నరకి కోసిన కేక్ పదకొండింటికి కాగితం ప్లేట్లలో సగం సగం తిని వదిలేసి కనిపిస్తుంది. రాత్రంతా మేలుకుని చేసినదాన్ని అలా చూడటం కష్టం, నేను చూశాను.

ఇక ఎండ. మీ రాయగడ కొండల మధ్య ఉంది కాబట్టి మా అంత చెమట వాతావరణం కాదు. మాకు గోపాలపురం సముద్రం ఎంతో దూరం లేదు, ఫాండెంట్, అదే పంచదార ముద్ద పూత, పూసి అరగంట బయట పెడితే మనిషికి పట్టినట్టే చెమట పడుతుంది. అయినా వైశాఖంలో ఎక్కడైనా ఒకటే. ముప్పై అయిదు డిగ్రీలు దాటిందంటే బటర్‌క్రీమ్ నిలబడదు, పైన స్టేజి లైట్ల వేడి వేరే. అయిదంతస్తుల అసలు కేక్ ఏ ఫ్రిజ్‌లో పడుతుంది చెప్పు? అంతస్తులు విడివిడిగా తీసుకెళ్లి అక్కడ పేర్చాలి, ఒక్కోదాని కింద పుల్లలు దిగ్గొట్టాలి, కరెంట్ పోతే దేవుడే దిక్కు. నీకింకా ఆ చెయ్యి రాలేదు. రెండంతస్తుల వరకు అసలుది ధైర్యంగా ఒప్పుకో. ఆపైన వద్దు.

ఉత్తుత్తి కేక్ మనం కనిపెట్టిందేం కాదులే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లాండులో చక్కెర రేషనై, 1940లో కేకుల మీద ఐసింగ్ వెయ్యడమే నిషేధించారు. అప్పుడు పెళ్లివాళ్లు అట్టతోనో ప్లాస్టర్‌తోనో చేసిన మూడంతస్తుల కేక్ తొడుగు అద్దెకి తెచ్చుకుని, దాని కింద చిన్న కేక్ ఒకటి పెట్టుకునేవారు. ఫొటోలో పెద్ద కేకు, నోట్లో చిన్న కేకు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి అక్కడ ఎవరూ మోసం అనుకోలేదు.

నాకు జరిగింది చెప్తాను. అమ్మాయిది బరంపురం, అబ్బాయివాళ్లు విజయనగరం నుంచి బస్సులో వచ్చారు. డమ్మీ కింది అంతస్తులో కిటికీలా కోసి అందులో అరకిలో అసలు కేక్ దోపాను. కత్తి ఆ వైపే దిగాలి. పూలు సర్దే కుర్రాడు బల్ల అటుది ఇటు తిప్పేశాడు, నేను ఆ సమయానికి వంటల దగ్గర ఉన్నాను. పెళ్లికొడుకు కత్తి దించగానే థర్మోకోల్ కిర్రుమంది. మైకు పక్కనే ఉంది, హాలంతా వినపడింది. అందరూ నవ్వారు. నవ్వుతో పోతే బాగుండేది. "కేకే ఉత్తుత్తిదా, ఇంకా ఏవేవి ఉత్తుత్తివో" అంది పెళ్లికొడుకు మేనత్త, గట్టిగానే. అమ్మాయి తండ్రికి డమ్మీ అని తెలుసు, వియ్యాలవారికి చెప్పలేదు. చెప్పమని నేనూ అనలేదు. ఆయన నాకు ఒక్క రూపాయి తగ్గించలేదు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకని ఆర్డర్ తీసుకునే రోజే రెండు వైపుల పెద్దవాళ్లకీ తెలిసేలా చూడు. అమ్మాయి తండ్రికి మొహమాటంగా ఉంటే నువ్వే ఫోన్ చెయ్యి. "అంకుల్, పైన అంతస్తులు అలంకారానికి, కోసేది అసలుది, అతిథులకి లోపల వేరే కేక్ కోసి పంపిస్తాం" అని ఇంత మామూలుగా చెప్తే ఎవరూ ఏమీ అనరు. మన సారె సంగతి ఆలోచించు. లడ్డూలు, అరిసెలు, కాజాలు లెక్కపెట్టి మరీ తీసుకుంటారు, అక్కడ ఎవరూ అట్ట లడ్డూ పెట్టరు. వియ్యాలవారి కంట్లో కేక్ కూడా ఆ వరసలోకి వచ్చిందంటే గొడవే. అలంకారమని ముందే తెలిస్తే పూల పందిరి లెక్కలోకి పోతుంది.

లోపల పంపే కేక్ పళ్లెంలో పరిచినట్టు పలకలుగా చెయ్యి, పైన క్రీమ్ పలచగా. వంద మందికి తొమ్మిది కిలోలు వేసుకో. మొత్తం ఆరు వందల మందికి వద్దు, రెండు వందల యాభైకి చాలు. పిల్లలు మాత్రం ముందే ప్లేట్లు పట్టుకుని డమ్మీ దగ్గర వరస కడతారు. కోసిన అయిదు నిమిషాల్లో వాళ్లకి ముక్క చేతిలో పడాలి. ఒకసారి ఆలస్యమైతే ఒక బుడ్డోడు డమ్మీ మీద గులాబీ పీక్కుని నోట్లో పెట్టుకున్నాడు. అది ప్లాస్టిక్ గులాబీ.

ఇప్పుడు అసలు టెన్షన్ గుడ్డుతో. నీ దగ్గరికొచ్చే పెళ్లి తెలుగువాళ్లదే అయినా రిసెప్షన్‌కి సగం మంది ఒడియావాళ్లే కదా, ఆఫీసు స్నేహితులూ ఇరుగుపొరుగూ. సోమవారం, గురువారం ముట్టని ఇళ్లు ఎన్నో. కార్తీకమైతే చాలామంది నెలంతా ముట్టరు. వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజుల ముందే, కుమార పూర్ణిమ, అంటే మన ఆశ్వయుజ పౌర్ణమి, మర్నాడే వచ్చేస్తుంది, మన పంచాంగం చూసుకుని మోసపోకు. ఆఖరి అయిదు రోజుల పంచుకలో కొంగ కూడా చేప తినదని సామెత చెప్తారు వాళ్లు. ఆ తర్వాత మార్గశిర గురువారాలు, ఇంటింటా లక్ష్మీపూజ. మనకేమో ఆ రోజుల్లోనే ముహూర్తాలు. కాబట్టి పెళ్లి కేక్ ఎప్పుడూ ఎగ్‌లెస్సే. పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్ వేసి చేసేది నీకు బాగా వచ్చు. గుడ్డుది ఒకటి, లేనిది ఒకటి అని రెండు రకాలు పెట్టావో, వడ్డించే కుర్రాళ్లు పదో నిమిషంలో కలిపేస్తారు.

డమ్మీ దేనితో చేయించాలన్నావు. అందరూ థర్మోకోల్ అంటారు, నావీ ఒకప్పుడు అవే. కానీ అలంకరణకి వాడే థర్మోకోల్, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కింద, 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉంది. మాది ఒకసారి వాడి పారేసేది కాదండీ అని నువ్వు వాదించొచ్చు, ఆ వాదన మండపం గుమ్మంలో మున్సిపాలిటీ మనిషితో, అదీ పెళ్లివాళ్ల ముందు పెట్టుకోవడం నాకైతే ఇష్టం లేదు. వడ్రంగి చేత పలచని ప్లైవుడ్ గుండ్రాలు కోయించు, చుట్టూ అట్ట వంచి మేకులు కొట్టమను. కాస్త బరువుంటుంది, మంచిదే. థర్మోకోల్ కేక్ మేడ మీద రిసెప్షన్‌లో గాలికి పడిపోయిన కథ ఒకటుంది, ఇంకెప్పుడైనా చెప్తాను.

పైన ఫాండెంట్ పూస్తావా, పుట్టీ పూసి రంగు వేయిస్తావా అన్నది నీ ఇష్టం. ఫాండెంట్ అందంగా ఉంటుంది, కానీ అది పంచదార. ఒక వానాకాలం అటక మీద పెట్టిన సెట్‌ని ఎలుకలు గోకి గోకి పెట్టాయి, మిగిలింది చీమలు పట్టాయి. పుట్టీ అయితే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. కాకపోతే పుట్టీ తినేది కాదు, కిటికీలో దోపే అసలు కేక్ దానికి తగలకూడదు. స్టీలు ట్రే ఒకటి కొలతకి చేయించి సొరుగులా లోపలికి తోసెయ్యి. కిటికీ పక్కన ఎర్ర రిబ్బన్ పువ్వు అంటించు, అది కత్తి దిగే చోటు. కోసేటప్పుడు నువ్వు స్టేజి మీదే ఉండు, ఎవరెంత పిలిచినా దిగకు. ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పి వెనకవైపు నుంచి తియ్యొద్దను.

డబ్బు విషయం ఒకటే చెప్తాను. ఒక్క పెళ్లికోసం కొత్తగా డమ్మీ అలంకరించమంటే అసలు కేక్‌కి తీసుకునేంత తీసుకో. మైదా, వెన్న మిగిలినా చేతిపని తగ్గదు. డమ్మీ అంటే చవకేగా అంటారు, లొంగిపోకు. ఉన్న సెట్‌నే పూలు మార్చి తిప్పితేనే అద్దె తగ్గించగలవు. డిపాజిట్ తీసుకో, మర్నాడు పొద్దున్నే నువ్వే వెళ్లి తెచ్చుకో. మండపంలో వదిలేస్తే దాని మీద ఎవరో ఒకరు టీ గ్లాసు పెడతారు.

మా అటక మీద 8, 10, 12 అంగుళాల చెక్క గుండ్రాలు మూడున్నాయి. వచ్చే ఆదివారం అమ్మని తీసుకుని రా, పట్టుకెళ్లు. పన్నెండు అంగుళాలది ఒక అంచున ఎలుక కొరికింది, దాన్ని గోడవైపు పెట్టుకో. మీ ఊరి మజ్జిగౌరమ్మ గుడి ప్రసాదం తేవడం మర్చిపోకు, మీ పెదనాన్న అడుగుతున్నారు.

నీ
దొడ్డమ్మ