తల్లికి హెచ్‌ఐవీ ఉంటే పుట్టే బిడ్డకూ వస్తుందా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మొదటి కాన్పు, ఇప్పుడు ఐదో నెల. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చింది. మా వారికి నెగెటివ్. ఆ మందులు వాడితే బిడ్డ అవకరంతో పుడుతుందని, తీయించుకోవడమే మేలని ఇంట్లో అంటున్నారు. ఏం చేయాలో తోచట్లేదు.
- ఓ సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోనక్కర్లేదమ్మా. మందులేవీ వాడకపోతే బిడ్డకు సోకే ముప్పు 15 నుంచి 45 శాతం. హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుని, కాన్పు నాటికి రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గితే ఆ ముప్పు ఒక శాతం లోపే. ఐదో నెలంటే ఇంకా సమయం ఉంది, కానీ ఒక్క వారం కూడా వృథా చేయొద్దు. ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలో మందులు ఉచితం.

సాధారణంగా ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిసి ఉంటాయి. డోలుటెగ్రావిర్‌తో శిశువు వెన్నులో లోపాలొస్తాయేమోనని 2018లో బోట్స్‌వానా నుంచి అనుమానం వచ్చిన మాట నిజమే. తర్వాత మరిన్ని కాన్పులు పరిశీలించాక అది నిలవలేదు. పైగా వెన్ను ఏర్పడేది మొదటి నెలన్నరలోపే, మీరు ఆ దశ దాటేశారు.

చాలామంది పొరపాటు చేసేది ఐరన్, క్యాల్షియం మాత్రల దగ్గర. ఖాళీ కడుపుతో వాటిని ఏఆర్‌టీ మాత్రతో కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో ఏఆర్‌టీ మాత్ర వేసుకోండి. ఈ లెక్కలు కుదరకపోతే అన్నం తింటూ కలిపి వేసుకోవచ్చు.

ఎనిమిదో నెలలో వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష తప్పక చేయించుకోండి. అది తక్కువగా ఉంటే హెచ్‌ఐవీ కోసమని సిజేరియన్ అక్కర్లేదు. కాన్పు మాత్రం ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా పుట్టిన వెంటనే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టి ఆరు వారాలు ఇస్తారు. మీ రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటే బిడ్డకు రెండు మందులు ఇస్తారు.

పాలివ్వచ్చు, మీ మాత్రలు ఆపకుండా. ఆరు నెలలు తల్లిపాలే. తేనె నాకించడం, ఆముదం, గ్రైప్ వాటర్, మధ్యలో డబ్బాపాలు వద్దు. పెద్దవాళ్లు ఎంత బలవంతపెట్టినా సరే.

బిడ్డకు ఆరో వారంలో మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి పరీక్షిస్తారు. తుది నిర్ధారణ 18 నెలలకు. ఈలోగా బయటి ల్యాబ్‌లో మామూలు హెచ్‌ఐవీ పరీక్ష చేయించి టెన్షన్ పడొద్దు, తల్లి నుంచి బిడ్డకు చేరిన యాంటీబాడీల (వైరస్‌కు ఎదురుగా ఒంట్లో తయారయ్యే పదార్థాల) వల్ల అది పాజిటివ్ చూపించవచ్చు.

మీవారు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అప్పటిదాకానే కాదు, మీ వైరల్ లోడ్ పరీక్షకు దొరకనంతగా తగ్గిందని డాక్టర్ చెప్పేవరకూ కండోమ్ వాడండి. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, అది ఉచితం.