పుంజు పొడిస్తే యజమానిపై కేసు అవుతుందా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక గ్రామం. పెరట్లో పది పెట్టలను, ఒక పుంజును పెంచుతున్నాము. పుంజు మొదటి నుంచీ మనుషుల మీదికి దూకే రకమే. గతవారం అది దడి దాటి వెళ్లి, పక్కింటివారి అయిదేళ్ల పాపను కాలిముల్లుతో కణత మీద గీరింది. రెండు కుట్లు పడ్డాయి. కేసు పెడతామనీ, పుంజు మళ్లీ కనబడితే కొట్టి చంపుతామనీ పాప తండ్రి అంటున్నారు. మేమే దాన్ని కోసేస్తే గొడవ తీరుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో మీకు చిక్కు తెచ్చేది 'మొదటి నుంచీ' అన్న ఒక్క మాట. కోడి సాధుజంతువుల కోవలోనిది కాబట్టి, అది ఎన్నడూ లేనిది ఒకనాడు హఠాత్తుగా ఒకరిని గాయపరిస్తే అందుకు యజమానిని బాధ్యుణ్ణి చేయడం కష్టం. కానీ దాని దుడుకుతనం ముందే తెలిసి కూడా వదిలిపెట్టాడని రుజువైతే సివిల్ కోర్టు పరిహారం ఇప్పించవచ్చు. ఇదివరకు అది పాలవాడినో మరొకరినో తరిమి ఉంటే, వారే అవతలి పక్షానికి సాక్షులవుతారు.

ఇక క్రిమినల్ కేసు మాట. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన వద్ద ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ ప్రమాదం కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోని వారికి 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రెండు కుట్ల గాయం తీవ్ర గాయం కాదని మీరు వాదించవచ్చు. అయితే ఈ సెక్షన్ చూసేది జరిగిన గాయాన్ని కాదు, జరగగలిగిన ప్రమాదాన్ని. ఒక కంటి చూపు శాశ్వతంగా పోయినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. కణతకూ కంటికీ ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కరలేదు.

పుంజు మీద పడుతున్నప్పుడు పాపను కాపాడుకోవడానికి కొడితే ఆ తండ్రిది తప్పు కాదు. కక్షతో పట్టి చంపితే మాత్రం 325వ సెక్షన్ కింద 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడే నేరం.

తినడానికి కోసుకోవడం నేరం కాదు గానీ, జరిగినదానికి మీ బాధ్యత దానితో తీరదు. ఉంచుకుంటే దడి ఎత్తు పెంచి, పైన వల కట్టి, పశువైద్యుని చేత ముల్లు మొన మొద్దు చేయించండి. రోజంతా ఇరుకు గంప కింద మూసినా, పొట్టి తాడుతో గుంజకు కట్టినా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అడ్డువస్తుంది. ఇటువంటి పుంజుకు సంక్రాంతి ముందు బేరాలు కూడా వస్తాయి; పందెం నేరమని తెలిసి అందుకు అమ్మవద్దు.

అన్నిటికంటే ముందు ఊరి పెద్దను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లి, వైద్యం ఖర్చు ఇచ్చి, ఇరుగుపొరుగు మర్యాద కొద్దీ ఇస్తున్నట్లు కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితంలో మాత్రం 'మొదటి నుంచీ' అని రాయవద్దు.