కొబ్బరి పాదులో జీవన ఎరువులు బతకాలంటే

ప్రశ్న: నర్సంపేట దగ్గర మా ఎర్ర చెల్కలో బోరు చుట్టూ 40 కొబ్బరి చెట్లు ఉన్నాయి. వయసు ఏడేండ్లు. ఏటా యూరియా, డీఏపీ వేస్తూ వచ్చాను. ఇప్పుడు పాదుల్లో మట్టి గట్టిపడి నీళ్లు ఇంకడం లేదు. మొన్న ఏప్రిల్‌లో ట్రైకోడెర్మా, అజోస్పైరిల్లం పొడులు చల్లినా మార్పు కనిపించలేదు. ఇవి మన నేలల్లో పనిచేయవా?
- ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: తప్పకుండా పనిచేస్తాయి. మీరు చల్లిన పొడుల్లో ఉన్నవి ప్రాణులు (ట్రైకోడెర్మా మేలు చేసే బూజు, అజోస్పైరిల్లం గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా) కనుక వాటికి తిండి, తేమ, నీడ ఉండాలి. పెంట ఎరువు ఎరగని గట్టి చెల్క మీద ఏప్రిల్ ఎండలో చల్లితే అవి నిలవడం కష్టం.

తొలకరి పడగానే పాదుల్లో పచ్చిరొట్ట ఎరువుగా జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లి, పూత దశలో అక్కడే మట్టిలో కలపండి. ఈలోగా చెట్టు నీడన 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి నీళ్లు చిలకరించి, తడి గోనె సంచులు కప్పి రెండు వారాలు ఉంచండి. పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల నుంచి నీరు కారకూడదు. మధ్యలో ఒకసారి కలియతిప్పండి. సంచి ఎత్తినప్పుడు తెల్లటి బూజు, అక్కడక్కడ ఆకుపచ్చకు తిరుగుతూ కనిపిస్తుంది. పాడైందనుకొని పారబోయకండి, మనకు కావలసింది అదే. ఇలాంటి కుప్పలు రెండు చేసుకుంటే చెట్టుకు 5 కిలోల చొప్పున అన్నిటికీ సరిపోతుంది.

చురుకైన వేర్లు ఎక్కువగా మొదలు నుంచి 2 మీటర్ల లోపే ఉంటాయి కాబట్టి, ఈ మాగిన మిశ్రమాన్ని మొదలుకు ఆనించకుండా ఆ వలయంలో వేసి, వేర్లు తెగకుండా పైపైన తవ్వి, ఎండు మట్టలు కప్పండి. అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా చెట్టుకు 50 గ్రాముల చొప్పున ఆరు నెలలకొకసారి పెంటలో కలిపి ఇవ్వవచ్చు. ఇన్నేళ్ల డీఏపీలోని భాస్వరం ఎర్ర నేలలో ఇనుముతో బిగుసుకుపోయి కొంత అక్కడే ఉంటుంది, దాన్ని కరిగించి వేరుకు అందించేది ఈ ఫాస్ఫోబాక్టీరియాయే. రసాయన ఎరువులకూ శిలీంద్ర నాశనులకూ వీటికీ మధ్య కనీసం పదిహేను రోజుల ఎడం పాటించండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొనండి, రేకుల షెడ్డులో దాచకండి.

మీ లేఖలో పొటాష్ మాటే లేకపోవడం నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది. కొబ్బరి నేల నుంచి బాగా ఎక్కువగా తీసుకునేది పొటాషే, ఆ లోటును ఈ జీవన ఎరువులు తీర్చలేవు. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం వారిని సంప్రదించి, వానలకు ముందే మట్టి పరీక్ష చేయించండి.